పెట్టెకు విశ్రాంతి

"మళ్ళీ ఒకసారి చెప్పమను," అన్నారు బావగారు. "రెండు డిస్కుల్లో ఉన్నవి రెండింట్లోంచీ ఎలా పోతాయో నాకు అర్థమయ్యేలా చెప్పమను."

ఎదురుగా నిలబడి ఉన్న చిన్నకోడలితో కాదు ఆ మాట, పక్కనున్న తమ్ముడితో. డిస్కు చెడిపోయిన రోజు నుంచి ఆయన మరదలితో నేరుగా మాట్లాడటం మానేశారు. ఏం అడగాలన్నా తమ్ముడి మీదుగానే. ఆ తమ్ముడు, అంటే ఆమె భర్త, తోలు కత్తిరించే బల్ల మీద మోచేతులు ఆనించి, ఎవరి వైపు చూస్తే ఎవరికి కోపం వస్తుందోనని కత్తెర వైపు చూస్తున్నాడు.

ఆమె మళ్ళీ చెప్పింది. సర్వర్ పెట్టెకు తగిలించి పెద్ద డిస్కు ఒకటి, దాని పక్కనే దానికి నకలుగా ఇంకొకటి. రోజూ మధ్యాహ్నం అందరూ పైన భోజనానికి కూర్చున్న వేళ, ఆమె రాసిన స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, దానంతట అదే లేచి రెండింటినీ పోల్చి చూస్తుంది. మొదటిదాంట్లో కొత్తగా చేరినవి రెండోదాంట్లోకి ఎక్కిస్తుంది. మొదటిదాంట్లో లేనివి రెండోదాంట్లోంచి తుడిచేస్తుంది. పాత చెత్త పేరుకోకూడదని ఆమే అలా రాసింది. చెప్పింది చెప్పినట్టు చేయడమే తప్ప సొంత బుర్ర లేదని భర్త దానికి గుమాస్తా అని పేరు పెట్టాడు. ఇంట్లో అందరికీ ఆ పేరే అలవాటైపోయింది.

"గుమాస్తా లేచిన వేళకి పెద్ద డిస్కు దానికి కనిపించలేదు బావగారూ. అందులో ఏమీ లేదనుకుని నకలును కూడా ఖాళీ చేసేసింది. అది మనం చూసుకోలేదు. ఇప్పుడు పెద్ద డిస్కే చచ్చిపోయింది."

"ఎందుకు కనిపించలేదట?"

"అది తెలీదు."

"తెలీదట," అన్నారు బావగారు, ఈసారి గోడతో.

పొద్దున్నే డిస్కులు బాగుచేసే మనిషి ఫోన్ చేశాడు. లోపల తిరిగే పళ్ళేలు గీరుకుపోయాయి, ఆశ పెట్టుకోవద్దన్నాడు. తిరుగుతుండగా మాటిమాటికీ కరెంటు తీసేస్తే ఇలా అవుతుందని కూడా అన్నాడు. ఆ మాట బావగారికి ముల్లులా గుచ్చుకుంది. ఈ ఇంట్లో కరెంటు ఎప్పుడు పోయింది, పోతే దీపాలు ఎందుకు ఆరలేదు అని పొద్దున్నుంచీ తమ్ముణ్ణి నిలదీస్తున్నారు.

తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. టీచరమ్మ. ఆవిడకు ఎడమ కాలు పొట్టి, పాదం లోపలికి తిరిగి ఉంటుంది. తొడుక్కున్న జోడు అడుగు అరిగిపోయి పక్కకు ఒరిగింది. కొత్త జత అయిందా అని అడగలేదు, అడిగితే తొందరపెట్టినట్టు ఉంటుందని కాబోలు. వచ్చి బెంచీ మీద కూర్చుని చిన్నగా నవ్వింది.

"తోలు రావాలండీ, వచ్చే వారం చూద్దాం," అన్నారు బావగారు. అబద్ధం చెప్పడం చేతగాని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి.

"పరవాలేదు," అందావిడ. "నడక తగ్గించాను లెండి."

ఆ ముక్క విని చిన్నకోడలు వెనక గదిలోకి వెళ్ళిపోయింది. అక్కడే ఇంకాసేపు నిలబడితే ఏడుపు వచ్చేసేది.

ఆ దుకాణానికి వచ్చేవాళ్ళంతా టీచరమ్మలాంటి వాళ్ళే. పుట్టుకతో ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు, ప్రమాదంలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు, జబ్బు చేసి పాదం వంకర తిరిగినవాళ్ళు. ఒక్కొక్కరికీ వాళ్ళ పాదం ఆకారంలో వాళ్ళదే అయిన ఒక అచ్చు ఉంటుంది, దాని మీదే వాళ్ళ జోడు కుడతారు. పాదాన్ని మళ్ళీ కొలవచ్చు, అదేమంత పని కాదు. కానీ అచ్చంటే ఒట్టి కొలత కాదు. మొదటి జత తొడుక్కుని నడిచినవాళ్ళు మడమ దగ్గర ఒరుసుకుంటోందని తిరిగి వస్తారు. మామయ్య అచ్చు మీద ఆ చోట గోరంత అరగదీస్తారు. కొన్నాళ్ళకు ఇంకో చోట నొప్పి. అక్కడ కాస్త పెంచుతారు. అలా ఏళ్ళ తరబడి దిద్దుకుంటూ వస్తే గాని ఒక మనిషి నొప్పి లేకుండా వీధి చివరిదాకా నడవలేడు. ఆ దిద్దిన చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. ఇంకోసారి మొదటి నుంచి దిద్దే శక్తి దానికి లేదు.

ఒకప్పుడు ఈ గది గోడల నిండా చెక్క అచ్చులు వేలాడుతుండేవి. వాటికి చెద పట్టింది. కావలసినప్పుడు మిషను మీద మళ్ళీ చెక్కించుకోవచ్చని అన్నిటినీ స్కాన్ చేసి పెట్టెలోకి ఎక్కించి, చెక్కల్ని తీయించేసింది చిన్నకోడలే. వద్దని ఎవరూ అనలేదు. మామయ్య మాత్రం తీసేసే ముందు ఒక్కొక్క అచ్చునీ చేత్తో తడిమి, "ఇది ఫలానా ఆయనది, ఇది ఫలానా ఆవిడది" అని చెప్పుకుంటూ నిలబడ్డారు. అప్పుడు ఆమె, "అన్నీ భద్రంగా ఉంటాయి మామయ్యా, పూచీ నాది" అంది.

*

పైనుంచి తోడికోడలు భోజనానికి పిలిచింది. బావగారు వెళ్ళారు, భర్త వెళ్ళాడు. ఆకలి లేదని ఆమె గదిలోనే ఉండిపోయింది, దీపం కూడా వేయకుండా, తోలు చుట్టల వెనక ఉన్న చిన్న పీట మీద.

కాసేపటికి మామయ్య వచ్చారు. భోజనానికి ఎప్పుడూ ఆయనదే ఆఖరి రాక. చేతులకు అంటిన జిగురు వదలదని, అందుకే ఆలస్యమవుతుందని ఇంట్లో అందరూ అనుకుంటారు.

ఆయన ఆమెను చూడలేదు. కుట్టు మిషను దగ్గరికి వెళ్ళి దాని బెల్టు వదులు చేసి, మీద గుడ్డ కప్పారు. అరగదీసే చక్రం స్విచ్ ఆపి, అది ఆగేదాకా నిలబడ్డారు. ఆ తర్వాత మూలనున్న సర్వర్ దగ్గరికి వచ్చి, పక్కన కొత్తగా పెట్టిన డిస్కు మీద అరచెయ్యి ఆనించారు, పిల్లాడికి జ్వరం ఉందేమోనని చూసినట్టు. చూసి, దాని వెనకున్న కరెంటు వైరు పట్టుకుని నెమ్మదిగా లాగేశారు.

ఆమె తోలు చుట్టల వెనక నుంచి లేచింది.

"మామయ్యా, ఏం చేస్తున్నారు?"

ఆయన ఉలిక్కిపడలేదు. తప్పు చేస్తున్నవాళ్ళు కదా ఉలిక్కిపడేది.

"నువ్వు ఇక్కడున్నావా అమ్మా? ఒళ్ళు కాలిపోతోంది దీనికి. పొద్దున్నుంచీ ఒకటే తిరుగుడు. మనం తినే వేళన్నా దీనికి కాస్త విశ్రాంతి ఉండొద్దూ?"

"రోజూ తీస్తారా?"

"రోజూ. తిని వచ్చాక మళ్ళీ పెట్టేస్తాగా." ఆ వైరును బల్ల అంచున జాగ్రత్తగా చుట్టిపెట్టారు. "మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఇదే పద్ధతి. మనిషి తింటున్నప్పుడు మిషను తిరగకూడదని ఆయన పట్టు. మీరంతా చదువుకున్నవాళ్ళు, నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

ఆమెకు ఒక్కొక్క ముడీ విడిపోతూ వచ్చింది. గుమాస్తా పనికి భోజనవేళ కుదిర్చింది తనే, అప్పుడెవరూ ఫైళ్ళు తెరిచి ఉంచరని. సరిగ్గా ఆ వేళకే మామయ్య వైరు తీస్తారు. మొదట్లో గుమాస్తాకు ఆమె ఒక కాపలా పెట్టింది. పెద్ద డిస్కు కనిపించకపోతే పని ఆపేసి ఇంట్లోవాళ్ళ ఫోన్లకు మెసేజి పంపాలి. రోజూ భోజనవేళకు మెసేజి వచ్చేది. భోజనం ముగించి కిందికి వచ్చి చూస్తే డిస్కు నిక్షేపంలా తిరుగుతుండేది. వీళ్ళు చూసేసరికి మామయ్య మళ్ళీ పెట్టేసేవారు మరి. కాపలాలోనే ఏదో లోపం ఉందనుకుని, బావగారు విసుక్కుంటున్నారని, ఆమె ఆ నాలుగు లైన్లూ తీసేసింది. మర్నాటి నుంచి గుమాస్తా అడ్డూ ఆపూ లేకుండా పని కానిచ్చింది.

చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. పొద్దున్నుంచీ పడ్డ మాటలన్నీ ఒక్క వాక్యంతో తీరిపోతాయి.

"పాతది చచ్చిపోయినందుకు నాకు మనసు మనసులో లేదమ్మా," అన్నారు మామయ్య, డిస్కు మీద చెయ్యి తీయకుండానే. "దానికి ఇంకాస్త ఎక్కువసేపు విశ్రాంతి ఇచ్చి ఉంటే బతికేదేమో అనిపిస్తుంది."

ఆ వణికే చేతి వైపు చూసి ఆమె నోరు మూసుకుంది.

"పదండి మామయ్యా. చల్లారిపోతుంది," అంది.

*

పైన అందరూ భోజనాల బల్ల దగ్గర చేరారు. తోడికోడలు వడ్డించి గోడకు ఆనుకుని నిలబడింది. బావగారు రెండు ముద్దలు తిని చెయ్యి ఆపారు.

"డిస్కు కనిపించడం లేదని రోజూ నా ఫోన్‌కి వచ్చేది. ఈ గోల ఆపమని నేనే అన్నాను, కాదనను. ఆపమంటే ఎందుకు వస్తోందో చూసి ఆపాలి గానీ దాని గొంతు నొక్కేస్తారా? ఆ కాపలా తీసేసింది ఎవరు?"

ఈసారి ఆయన నేరుగా ఆమె వైపే చూశారు. అందులో అన్యాయమేమీ లేదు. ఆయన అడిగింది నూటికి నూరుపాళ్ళూ సరైన ప్రశ్న. అందుకే అది ఇంకా ఎక్కువ బాధపెట్టింది.

"నేనే," అంది.

మామయ్య తలెత్తి చూశారు.

"కారణం తెలిసిందా ఇప్పటికైనా?"

ఆమె మామయ్య వైపు చూడకుండా ఉండటానికి నీళ్ళ గ్లాసు అందుకుంది. "తెలీదు బావగారూ. తప్పు నాదే."

అయితే వెనక గదిలోకి ఆమె ఇంకెప్పుడూ అడుగు పెట్టక్కర్లేదని తేల్చేశారు బావగారు. టీచరమ్మకు ఇంకా అబద్ధాలు చెప్పే ఓపిక తనకు లేదని, రేపు ఆవిడ ఇంటికి వెళ్ళి, మా ఇంటి కోడలే మీ అచ్చు పోగొట్టిందని ఉన్నదున్నట్టు చెప్పేస్తానని అన్నారు. అందరి ఇళ్ళకూ వెళ్ళి చెప్తారట. ఆమె భర్త వైపు చూసింది. ఒక్క మాట అంటాడేమోనని చూసింది. అతను కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు.

అప్పుడు అనేసింది ఆమె, అనకూడదని ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న మాట.

"ఇంకో నకలు ఉంది. ఆడపడుచు దగ్గర."

తోడికోడలు చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టేసింది. ఆ పిల్ల ఊసు ఈ బల్ల దగ్గర ఎత్తి ఏడాది దాటింది.

మామయ్య పనితనం వచ్చింది ఆయన కొడుకులిద్దరికీ కాదు, కూతురికి. ఊరి రెండో చివర్న కాపురం ఉంటూ కూడా రోజూ వచ్చి తండ్రి పక్కన కూర్చుని అచ్చులు దిద్దేది. ఉన్నట్టుండి ఒకనాడు, తయారు చెప్పులు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగానికి కుదిరానని వచ్చి చెప్పింది. అందరి కాళ్ళకీ ఒకే కొలత వేసే చోట పనిచేసే చెయ్యి నా పనిముట్లు ముట్టుకోవడానికి వీల్లేదన్నారు మామయ్య, ఇదే బల్ల దగ్గర. కూతురు కంచం ముందు నుంచి లేచిపోయింది. నకలు కోసం వాళ్ళింట్లో పెట్టిన కంప్యూటర్ని ఆ సాయంత్రమే ఆపేసింది. తండ్రీ కూతుళ్ళలో ఎవరు ముందు ఫోన్ చేయాలన్నది అప్పటి నుంచీ తేలలేదు.

"ఆపేసిన నాటిదాకా ఉన్నవన్నీ అందులో అలాగే ఉంటాయి," అంది చిన్నకోడలు. "టీచరమ్మది ఉంటుంది. దాదాపు అందరివీ ఉంటాయి. కానీ..."

బావగారు ఆ కానీని పూర్తి కానివ్వలేదు. మన అవసరానికి దాని గడప తొక్కాలా అని లేచారు. నాన్నను కాదని వెళ్ళిన మనిషి ముందు చెయ్యి చాపే కంటే దుకాణానికి తాళం వేసుకోవడం నయమన్నారు. మెట్లు దిగుతూ కూడా ఏదో అంటూనే ఉన్నారు.

మామయ్య లేచారు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో చాలాసేపు తుడుచుకుని, తన గదిలోకి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ చిన్నకోడలి తల మీద ఒకసారి చెయ్యి వేశారు. ఎప్పుడూ అలా వేసే మనిషి కాదు.

*

"కానీ అన్నావు. ఏమిటది?" భర్త ఆమె వెంటే వెనక గదిలోకి వచ్చాడు. మామయ్య తీసిన వైరును ఆమె మళ్ళీ పెట్టింది. కొత్త డిస్కు చిన్నగా మూలిగి తిరగడం మొదలుపెట్టింది.

"అక్కడ కూడా గుమాస్తా ఉంది," అంది. "మీ చెల్లికి కంప్యూటరంటే చిరాకు కదా. స్విచ్ వేస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుందని అలా రాసి పెట్టాను. స్విచ్ పడగానే అది లేచి, మన పెట్టెలో ఏముందో చూసి, తన దగ్గరా అచ్చం అలాగే చేస్తుంది."

"మన పెట్టెలో ఇప్పుడేముంది?"

"ఏముంది, ఖాళీ డిస్కు. పాతదాని పేరే పెట్టాను దీనికి. అచ్చులు దొరికితే నేరుగా ఎక్కించుకోవచ్చని."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నెట్ వైరు వైపు వేలు చూపించాడు.

"మరి ఇప్పుడే ఇక్కడి నెట్ వైరు పీకెయ్."

"పీకితే ముందు గదిలో ఆర్డర్లు ఆగిపోతాయి. మీ అన్నయ్య మళ్ళీ వస్తారు, మళ్ళీ మొదలు. ఇంకోసారి ఆయన నోట్లో పడే ఓపిక నాకు లేదండీ. దుకాణం మూసేటప్పుడు పీకుతాను, అట్నుంచి అటే మనిద్దరం వెళ్దాం. ఎదురుగా కూర్చుని చెప్తే వింటుంది. డిస్కు ఊడదీసి తెచ్చుకుందాం."

"ఈలోపు తను ఆన్ చేస్తే?"

ఆమెకు నవ్వొచ్చింది. ఈ మధ్య నవ్వింది అదే మొదటిసారి, అదీ చేదుగా. "ఏడాదిగా ముట్టుకోని మనిషి ఇవాళే ఎందుకు ముట్టుకుంటుంది? ముట్టుకోమని చెప్పడానికి ఈ ఇంట్లోంచి ఎవరు ఫోన్ చేస్తారు?"

పాపం, ఆమెను ఏమనగలం. డిస్కుల్ని నమ్మి మోసపోయింది, స్క్రిప్టుల్ని నమ్మి మోసపోయింది. ఇక మిగిలింది ఈ ఇంటి పంతం ఒక్కటే. అది మాత్రం ఎప్పుడూ ఎవరినీ మోసం చేయలేదు మరి.

భర్త వెళ్ళలేదు. తలుపు దగ్గరే తచ్చాడాడు. "బల్ల దగ్గర నేనేం మాట్లాడలేకపోయాను," అన్నాడు చివరికి.

"మాట్లాడి ఉంటే బాగుండేది," అంది ఆమె. కోపంగా అనలేదు. అంతకంటే కోపంగా అని ఉంటేనే అతనికి తేలిగ్గా ఉండేది. మామయ్య సంగతి అతనికి కూడా చెప్పలేదు. చెప్తే ఆ మాట అన్నయ్య చెవిదాకా చేరకుండా ఆపగల మనిషి కాడని ఈపాటికి ఆమెకు తెలుసు.

అతను బండి తాళాలు వెతకడానికి పైకి వెళ్ళాడు.

*

ఎండ ఇంకా తగ్గలేదు. బయట టీచరమ్మ కర్ర చప్పుడు వీధి మలుపు తిరుగుతూ వినిపించింది. ఇంతసేపూ బెంచీ మీదే కూర్చుందన్నమాట, అరిగిన జోడుతో ఎండలో నడవలేక. ఈ సాయంత్రం గడిస్తే ఆవిడకు నిజం చెప్పే అవసరం రాకపోవచ్చు. చాలా రోజుల తర్వాత చిన్నకోడలికి కాస్త గాలి ఆడింది.

మామయ్య లోపలికి వచ్చారు. చొక్కా మార్చుకున్నారు. తల దువ్వుకున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం వెలిగిపోతోంది. చేతిలో ఫోన్ ఉంది.

"నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదమ్మా," అన్నారు. "నేనే మాట్లాడాను అమ్మాయితో."

ఆమె లేచి నిలబడింది.

"పెద్దాడు నిన్ను అన్నేసి మాటలంటుంటే, నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పకుండా తప్పు నాదేనన్నావు చూడు, అప్పుడు నా పంతం నాకే సిగ్గనిపించింది. నీకున్న పాటి నిబ్బరం నాకు లేకపోయిందే అనుకున్నాను. ఫోన్ చేస్తే అమ్మాయి తీసింది. నా గొంతు వినగానే ఏడ్చేసింది. భోజనం చేశావా నాన్నా అని అడిగింది." ఆయన ఫోన్‌ను రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. "ఆదివారం వస్తానంది."

"ఇంకేం చెప్పారు మామయ్యా?"

"ఇంకేముంది, నీ మాటే చెప్పాను. అందరి అచ్చులూ నీ దగ్గరే భద్రంగా ఉన్నాయటమ్మా, కాస్త ఆ కంప్యూటర్ ఆన్ చెయ్యి అన్నాను. దుమ్ము తుడిచి ఇప్పుడే వేస్తానంది."

మూలనున్న పెట్టె మీద పచ్చదీపం ఇంతసేపూ నిలకడగా వెలుగుతోంది. ఆమె చూస్తుండగానే అది టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరో వచ్చి, లోపల ఏముందని అడుగుతున్నారు. ఏమీ లేదని పెట్టె జవాబు చెప్తోంది. ఎక్కించడానికి గంటలు పడుతుంది. తుడవడానికి ఎంతసేపు పడుతుందో ఆ స్క్రిప్టు రాసిన చేతికే తెలుసు.

పీటను తన్నుకుంటూ వెళ్ళి నెట్ వైరు పట్టుకుని లాగింది. దీపం ఆరిపోయింది. వైరు చేతిలో పట్టుకుని ఆమె అలాగే నేల మీద కూలబడిపోయింది.

మామయ్య ఏమీ తోచక చూశారు.

"ఇప్పుడెందుకు తీశావమ్మా?" అన్నారు మెల్లగా. "దాని విశ్రాంతి వేళ దాటిపోయిందిగా."

ముందు గదిలోంచి బావగారు ఆర్డర్లు ఆగిపోయాయని తమ్ముడిని కేకేస్తున్నారు. అంతలో మామయ్య చేతిలోని ఫోన్ మోగింది. ఆయన దాని వైపు చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వి, వంగి ఆమెకు అందించారు.

"అమ్మాయే," అన్నారు. "నువ్వే మాట్లాడమ్మా. సంతోషంగా ఉంది."

ఆమె ఫోన్ అందుకుంది. కాల్ ఎత్తింది. చెవి దగ్గరికి మాత్రం తీసుకువెళ్ళలేకపోయింది. అరచేతిలోంచే, సన్నగా, ఆడపడుచు గొంతు వినిపిస్తోంది.

"నాన్నా... ఇక్కడ టీచరమ్మ పేరు ఇప్పుడే కనిపించింది. ఇంతలోనే మాయమైందేంటి?"